కాయ కొట్టిన చోటు

ఆమదాలవలస దారిలో మా బస్సు ఆగిన చోట, మంచినీళ్ళ బావి కోసం ఊరివాళ్ళు రాయి తొలిపిస్తున్నారు. ఇంజనుకు నూనె అందడంలేదని రాయి తొలిచే యంత్రానికి గాలి అందించే కంప్రెసరు మీద ఎర్రదీపం వెలగడంతో పని ఆగింది. రోజూ భాగవతం చదివేవాణ్ణి కదా, "ఇంకో కొబ్బరికాయ కొట్టు నాయనా," అన్నాను, రోజూ దాని మీద కాయ కొట్టే పని మొదలెడతానన్న కంప్రెసరు డ్రైవరుతో.

బస్సు దిగిన ఒక ముసలాయన ఇంజను నడిపించి, నూనె తగ్గితే దీపం వెలిగించే స్విచ్చి దగ్గర తీగ ఊడదీశాడు. అయినా దీపం ఆరలేదు.

"నూనెది కాదురా తప్పు. తీగలో ఏటో ఉన్నాది."

కళ్ళు మూసుకుని తీగ పొడవునా వేళ్ళతో తడిమాడు. జపం చేస్తున్నట్టే ఉంది. డ్రైవరు రోజూ కొబ్బరికాయ కొట్టే కంప్రెసరు ఇనప అంచు దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ తొడుగు చితికి, రాగి ఇనుముకు తగులుతోంది. తువ్వాలు చింపి చుట్టి, తీగ తగిలించాడు. దీపం ఆరింది.

"కాయ రాయి మీద కొట్టరా. సామికి అక్కడా అందుతాది."

ఇప్పటికీ కాయ కొట్టేముందు, కింద ఏముందో చేత్తో తడిమి చూస్తాను.