అరబిక్ పేజీ మీది ఎర్ర పెట్టె

మా ఆఫీసులో ఈ కథ చెప్పే తీరు వేరు. "మా మేడమ్ ఏ వెబ్‌సైట్ అయినా అసలు భాషలోనే చదువుతుంది, అందుకే రమణమ్మ కేసు దక్కింది" అని మా కమాల్ వచ్చిన ప్రతి కస్టమరుకూ చెబుతాడు. వ్యాపారానికి మంచిదేలే అని ఇన్నాళ్ళూ వింటూ ఊరుకున్నాను. కానీ అది పచ్చి అబద్ధం. ఆ రోజు నేను అసలు భాషలో చదవనే లేదు. చదివి ఉంటే అంత పరుగే ఉండేది కాదు.

2023 చలికాలం. కువైట్‌లో దజీజ్‌లోని ఒక ట్రాన్స్‌లేషన్ ఆఫీసులో నేను చేరి అప్పటికి పదకొండేళ్ళు. మాది ప్రొద్దుటూరు. హైదరాబాదులో డిగ్రీలో అరబిక్ చదువుకున్నాను. పెళ్ళి సర్టిఫికెట్లు, మార్కుల లిస్టులు అరబిక్‌లోకి మార్చి స్టాంపు వేయడం మా పని. దాంతోపాటు టైపింగ్ కూడా, అంటే సర్కారీ వెబ్‌సైట్లలో జనం తరఫున ఫారాలు నింపడం.

రెండు మూడు భాషలు వచ్చినవాళ్ళం ఎప్పుడూ మూలంలోనే చదువుతామని బయటివాళ్ళకు ఒక భ్రమ. కమాల్ ఈజిప్టువాడు, పుట్టిందే అరబిక్‌లో. అతను తెరిచేది ఇంగ్లీషు పేజీ! అడిగితే, "పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంగ్లీషులోనే కొట్టాలి కదా మేడమ్, అటూ ఇటూ ఎందుకు తిరగడం?" అంటాడు. నా సంగతీ అంతే. పొద్దంతా అరబిక్ కాగితాలు చదివిన కళ్ళు సందు దొరికితే ఇంగ్లీషులోకి పారిపోతాయి. దానికి ప్రిఫరెన్స్ అని గొప్ప పేరొకటి. నన్నడిగితే బద్ధకం అంటాను.

రమణమ్మ రాయచోటి మనిషి. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో వంట. ఆ ఇంటి యజమానురాలు, ఇక్కడి పనివాళ్ళ మాటలో మామా, పిల్లల చదువు కోసం దేశం విడిచిపోతోంది, ఆ సాయంత్రమే విమానం. రమణమ్మకు మరో ఇంట్లో పని కుదిరింది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కొత్త యజమాని, అదే కఫీల్, పేరు మీదికి మారాలంటే తనాజుల్ కావాలి. అంటే పాత యజమాని "ఈమెను వదులుతున్నాను" అని ఒప్పుకోవడం. మామా సంతకం చేసిన లెటర్ పట్టుకుని రమణమ్మ పొద్దున తొమ్మిదిన్నరకు మా దగ్గర కూర్చుంది. మామా వెళ్ళిపోయాక తేడా వస్తే సరిదిద్దేవాళ్ళు ఉండరు. ఇఖామా ఆ వారంతో అయిపోతుంది. ఆ తర్వాత ఆమె దారి ఎయిర్‌పోర్టే.

ఇఖామా ఆఫీసు వెబ్‌సైట్ ఇంగ్లీషు పేజీలో కావలసినవన్నీ వరసగా ఉన్నాయి: లెటర్, సివిల్ ఐడీ కాపీ, పాస్‌పోర్టు. నేను టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాను. రమణమ్మ మెడ సాచి నా స్క్రీను చూస్తోంది.

"అక్కా, ఇది ఆ పేజీ కాదేమో."

"అదే రమణమ్మా. రోజుకు పదిసార్లు చూస్తాను."

"పొద్దున మామా కూతురు డ్రైవరుకు ఇఖామా ఆఫీసు లొకేషన్ పంపను ఇదే తీసింది. నేను టీ ఇస్తా సూసినా. పైన ఎర్ర డబ్బా ఉండె. ఆయమ్మి సదవకుండానే కిందికి తోసేసింది. మీ దాంట్లో ఆ డబ్బా యాడ?"

"ఏదో అడ్వర్టైజ్‌మెంట్ అయ్యుంటుందిలే."

"అడ్వటేజ్ అయితే కదుల్తా ఉంటాది కదక్కా. అది కదల్లే."

చదువు రాని మనిషి నాకు వెబ్‌సైట్ చూడడం నేర్పుతోందని ఒళ్ళు మండింది. ఆమె నోరు మూయించడానికే భాష మార్చాను. అరబిక్ పేజీ తెరుచుకుంది. నెత్తిన ఎర్ర పెట్టె. ఇంటి పనివాళ్ళ తనాజుల్‌కు ఈ వారం నుంచి లెటర్లు చెల్లవు, పాత కఫీల్ అసలు సివిల్ ఐడీతో స్వయంగా కౌంటరుకు రావాలి అని అందులో ఉంది. కౌంటరు మూసేది పన్నెండుకు.

"కమాల్! ఇది చూశావా?"

అతను కుర్చీతో సహా జరిగి వచ్చి చూశాడు. "మన పేజీలో లేదే, మేడమ్!"

మన పేజీ అట! అతని మాతృభాషలో ఉన్నది పరాయి పేజీ అయింది.

మామాకు ఫోన్ చేశాను. "సంతకం పెట్టాను కదా, ఖలాస్. నా సూట్‌కేసులు ఇంకా నోరు తెరుచుకుని ఉన్నాయి" అంది. నేను పుస్తకాల అరబిక్‌లో మర్యాదగా బతిమాలుతుంటే రమణమ్మ ఫోన్ లాక్కుంది. వ్యాకరణం లేని వంటింటి అరబిక్‌లో ఆగకుండా మాట్లాడింది. సారాంశం ఇది: "మామా, సూట్‌కేసులు నేనొచ్చి సర్దుతా. ఏది యాడ పెట్టాల్నో నీకేం తెలుసు? ఒక్క గంట రా. లేకపోతే నీకంటే ముందు నేను ఎయిర్‌పోర్టులో ఉంటా." అవతల నుంచి ఒక నవ్వు, ఒక తిట్టు, ఆఖరుకు "యల్లా", అంటే సరే పద అన్న మాట వినిపించాయి.

నేనూ రమణమ్మా ముందే వెళ్ళి కౌంటరు దగ్గర నిలబడ్డాం, పదకొండూ నలభైకి మామా వచ్చింది. పని పావుగంటలో అయిపోయింది. వెళ్తూ వెళ్తూ నల్ల కళ్ళద్దాలు పైకెత్తి నన్ను అడిగింది: "మీ ఆఫీసులో అరబిక్ చదివేవాళ్ళు ఎవరూ లేరా?"

ఇద్దరం ఉన్నాం. రమణమ్మ ఆమె వెనకే కారెక్కింది, సూట్‌కేసులు సర్దడానికి.

ఇప్పుడు నేను ముందు అరబిక్ పేజీ తెరుస్తాను, తర్వాత ఇంగ్లీషుది పక్కన పెట్టుకుంటాను. ప్రేమతో కాదు, నమ్మకం లేక. ఒక పేజీకి రెండు భాషలుంటే అవి ఒకే పేజీ అనుకోవడం మా వృత్తిలో పెద్ద తప్పు. మేం మార్చిన కాగితంలో తారీఖు తేడా ఉంటే సర్కారీ ఆఫీసులో తీసుకోకుండా వెనక్కి కొడతారు. వాళ్ళ పేజీలో ఏకంగా నోటీసే మాయమైతే ఎవరు ఎవర్ని వెనక్కి కొట్టాలి? కమాల్ ఇంకా ఇంగ్లీషులోనే చూస్తాడు. పైన ఏమైనా ఉంటే చెప్పమని నన్నే అడుగుతాడు.

ఆ వెబ్‌సైట్‌లో అభిప్రాయాలు రాసే చోట రెండు భాషల్లోనూ ఫిర్యాదు పెట్టాను. "మీ సూచనకు ధన్యవాదాలు" అని చక్కటి ఇంగ్లీషులో జవాబొచ్చింది. నాలుగు నెలల తర్వాత చూసినా ఇంగ్లీషు పేజీలో లెటర్ చాలనే ఉంది. ఆ నిబంధన ఇళ్ళలో వండేవాళ్ళ మీద, ఊడ్చేవాళ్ళ మీద పెట్టింది. వాళ్ళలో అరబిక్ చదవగలిగినవాళ్ళు ఎంతమంది అని, దాన్ని అరబిక్‌లో మాత్రమే పెట్టేముందు ఆ నోటీసు రాసిన గదిలో ఒక్కరైనా అడిగారా?