మెట్లు కడిగిన అక్క

జర్మనీలో నేను మొదట అద్దెకున్న ఇంట్లో, కింది వాటాలో ఉండే అక్కది కరీంనగర్. ఎవరేం మంచి చేస్తామన్నా ఎడమ కన్ను చిన్నది చేసి, "ఊకెనే ఎవరిస్తరు తమ్మీ?" అనేది.

వెనకబడ్డ వీధుల్లో ఒకదాన్ని ఎంచి బాగుచేస్తామనీ, చూడటానికి వస్తున్నామనీ ఊరి మున్సిపల్ ఆఫీసైన రాత్‌హౌస్‌ వాళ్లు మా వీధిలో నోటీసు అంటించారు. పార్కు వస్తుందని నేను సంబరపడ్డాను. వాళ్లొచ్చే రోజు పొద్దున అక్క మెట్లు కడిగింది. గోడమీది పిచ్చిరాతలు రుద్దింది. విరిగిన సైకిళ్లు సెల్లార్‌లో దాచి, తన బాల్కనీ పూలకుండీలు గుమ్మం ముందు పెట్టింది. వచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లి, పక్క వీధిని ఎంచుకున్నారు.

"ఆఫీసర్లొస్తున్నారని ఇంత సర్దాలా? చేతికొచ్చింది పోయిందక్కా!" అన్నాను కోపంగా.

"పోవాల్ననే కడిగిన. మునుపు మేమున్న గల్లీని గిట్లనే బాగుచేసిన్రు. ఎంటనే కిరాయి పెంచిన్రు. ఆ పార్కుల మేం ఒక్కనాడు సుత కూసోలే."

నేను నమ్మలేదు. పక్క వీధిలో పార్కు తెరిచిన ఏడాదికి, అక్కడుండే తెలుగు కుటుంబం వచ్చి మా మెట్ల మీద నిలబడింది, ఇల్లేమైనా ఖాళీ ఉందా అని.

ఇప్పుడు నేనుండేది వేరే ఊళ్లో. నిన్న మా వీధిలోనూ నోటీసు అంటించారు. పొద్దున్నే బకెట్టు నింపుకుని మెట్ల దగ్గరికి వచ్చాను.