మాజోనీ కరిచిన చెయ్యి

1988 మే నెల. ఖరగ్‌పూర్‌లో ఒక ఆస్పత్రి మేల్ సర్జికల్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. మాకు ఎక్కువగా వచ్చేవి రైల్వే వర్క్‌షాపులో నలిగిన వేళ్లు, యార్డులో విరిగిన కాళ్లు. ఆ మధ్యాహ్నం స్ట్రెచర్ మీద వచ్చిన మనిషి కుడి ముంజేయికి చుట్టిన గుడ్డ విప్పితే, అది మెషీన్ చేసిన గాయంలా లేదు. కత్తితో నరికినట్టు లోతుగా కోసుకుపోయి, ఎముక తెల్లగా కనిపిస్తోంది.

"ఏం తగిలింది?" అని హిందీలో అడిగాను.

"గేండా," అన్నాడు. అంటే ఖడ్గమృగం.

అతని పేరు భోగేశ్వర్. అస్సాం అడవిలో జంతువులను సాకే పని. పెరిగిన ఒక ఆడ ఖడ్గమృగాన్ని లారీలో దక్షిణాదిన ఒక జూకి తీసుకెళ్తున్నారు. మా ఊరి పొలిమేర దాటకముందే లారీ గోతిలోకి ఒరిగింది. బోనులో జంతువు బెదిరి కొట్టుకుంటుంటే, శాంతపరచడానికి దుంగల సందులోంచి చెయ్యి పెట్టాడు.

"కొమ్ముతో పొడిచిందా?"

"కాదు దీదీ. మా గేండాలు పళ్లతో కోస్తాయి. కింది పళ్లు ఉలిలా ఉంటాయి," అన్నాడు. "దాని తప్పేం లేదు. అది నా చెయ్యని తెలీలేదు దానికి."

ఆ సాయంత్రమే సర్జన్ డిబ్రైడ్‌మెంట్ చేశారు. అంటే పాడైన కండను కోసి తీసేసి గాయాన్ని శుభ్రం చెయ్యడం. రక్తనాళం బాగా దెబ్బతింది, చెయ్యి నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. మత్తు దిగగానే భోగేశ్వర్ తన చెయ్యి సంగతి అడగలేదు. "మాజోనీ నీళ్లు తాగిందా?" అన్నాడు. అది ఆ ఖడ్గమృగం పేరు, వాళ్ల భాషలో చిట్టితల్లి అనే అర్థమట.

మర్నాడు డ్రైవర్ వచ్చాడు. లారీని పైకి లాగి ఊళ్లోనే ఝపటాపూర్‌లో ఒక మెకానిక్ షెడ్డు పక్కన పెట్టారు. ఆ జంతువు గడ్డి ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు. ఈ ఎండకి ఇంకొక రోజు కూడా ఆగదేమోనన్నాడు. ఆ మాట వినగానే భోగేశ్వర్ సెలైన్ సూది లాగేసి మంచం దిగబోయాడు. ఇద్దరం పట్టుకుని పడుకోబెట్టాం. మళ్లీ రక్తం కారితే ప్రాణానికే ముప్పని డాక్టర్‌బాబు కోప్పడ్డారు.

ఆయన వెళ్లాక భోగేశ్వర్ నెమ్మదిగా చెప్పాడు. "దాని తల్లిని కొమ్ము కోసం కాల్చేశారు దీదీ. మేం వెళ్లేసరికి ముఖం చెక్కేసి ఉంది. ఇది పక్కనే నిలబడి పాలకోసం వెతుక్కుంటోంది. అప్పుడు నా మోకాలంత ఉండేది. సీసాతో పాలు పట్టాను. ఆ కొమ్ము మందు అంటారు జనం. అది గోరులాంటిదే. మన గోరు మనం కొరుక్కుంటే జబ్బు పోతుందా?"

"నేను వెళ్లి చూస్తాను," అనేశాను. అన్నాక భయం వేసింది.

తన గమ్ఛా ఇచ్చాడు, చెమట వాసనతో ఉన్న తుండు. ఎలా పిలవాలో నేర్పాడు. గొంతులోంచి బరువుగా రెండుసార్లు ఊపిరి వదిలి, ఆ తర్వాత పేరు. నాకు కుదిరేదాకా అనిపించాడు. పక్క మంచాలవాళ్లు వింటున్నారు గాని ఎవరూ నవ్వలేదు.

డ్యూటీ దిగి, మా వార్డు అటెండెంట్ అప్పలస్వామిని వెంటబెట్టుకుని వెళ్లాను. బోను చుట్టూ జనం, ఎక్కువమంది రైల్వే పనికొచ్చి స్థిరపడిన మన తెలుగువాళ్లే. కొందరు కర్రలతో పొడుస్తున్నారు, కొందరు సీసాలు పట్టుకుని కాచుకున్నారు. ఒకామె నన్ను గుర్తుపట్టింది.

"నా బిడ్డకి ఆయాసం సిస్టరమ్మా. దీని మూత్రం పడితే తగ్గుతాదని సెప్పినారు. కూసింత ఇప్పించమ్మా."

ఆమెను తిట్టబుద్ధి కాలేదు. "రేపు పొద్దున్నే బిడ్డను ఆస్పత్రికి తీసుకురా. నేనే దగ్గరుండి చూపిస్తాను," అన్నాను. ఆమె సీసా కొంగులో దాచుకుని పక్కకి తప్పుకుంది.

అప్పలస్వామి గొంతెత్తాడు. "ఏటి సూస్తన్నారు? కర్రలు పారెయ్యండి! నీళ్లు లేక సచ్చిపోతంది, జాలి నేదేటి మీకు?"

జనం వెనక్కి జరిగారు. బోను చుట్టూ తడి గోనెలు కట్టించాం. నీళ్ల తొట్టి అంచున గమ్ఛా వేసి, ప్రభువును తలుచుకుని, నేర్చుకున్నట్టే పిలిచాను. చాలాసేపు కదలిక లేదు. మళ్లీ పిలిచాను. చీకట్లో చెవులు తిరిగాయి. ఆ పెద్ద తల వచ్చి తుండును వాసన చూసింది. నా వెనకెవరో ఉన్నట్టు దుంగల సందుల్లోంచి వెతికింది. ఆ తర్వాత మూతి నీళ్లలో పెట్టింది.

"పసిపిల్ల ఎతుక్కున్నట్టే ఎతుకుతంది సిస్టర్," అన్నాడు అప్పలస్వామి.

తాగిందని చెప్పగానే భోగేశ్వర్ గోడవైపు తిరిగి ఏడ్చాడు.

కాని చెయ్యి నిలవలేదు. వేళ్లు నల్లబడ్డాయి. గ్యాంగ్రీన్, అంటే రక్తం అందక కండ చచ్చిపోవడం. మోచేతి కింద తీసెయ్యాలన్నారు. అతను ఒక్కటే అడిగాడు: "ఈ చెయ్యి ఉండగా ఒకసారి చూస్తాను."

అప్పటికి లారీ బాగైంది. ఆపరేషన్ రోజు పొద్దున దాన్ని ఆస్పత్రి గేటు దగ్గరికి రప్పించడానికి డాక్టర్‌బాబు ఒప్పుకున్నారు. చక్రాల కుర్చీని నేనే తోసుకెళ్లాను. కట్టుకట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతిని దుంగల దగ్గరికి చాపాడు. ఆపబోయాను. ఈలోపే మాజోనీ పై పెదవి ముందుకు సాచి ఆ అరచేతిని తడిమింది. అలాగే మూతి ఆనించి నిలబడిపోయింది. అతను తన భాషలో ఏదో చెప్పాడు. నాకు పేరు తప్ప అర్థం కాలేదు. డ్రైవర్ బండి కదిలించాడు. భోగేశ్వర్ తల వంచుకుని, "పదండి దీదీ, డాక్టర్‌బాబు ఎదురుచూస్తుంటారు," అన్నాడు.

అతను ఇంకా మా వార్డులో ఉండగానే డ్రైవర్ దాన్ని జూలో దింపి తిరిగొచ్చాడు. మాజోనీ తింటోందని, బురదలో పొర్లుతోందని చెప్పాడు.

"జూవాళ్లు పిలిస్తే వస్తోందా?"

డ్రైవర్ తటపటాయించాడు. "రాదు."

"వాళ్లకి పిలవడం నేర్పించాల్సింది," అన్నాడు భోగేశ్వర్.

అతను అస్సాం వెళ్లిపోయాడు. మళ్లీ చూడలేదు. అంతకుముందు మంచం మీద కుదురుగా పడుకోని రోగులను నేను గదమాయించేదాన్ని. ఆ తర్వాత, కట్టు విప్పుతూ మొదట అడిగేదాన్ని: "నీ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?" ఒకరు తల్లి అనేవారు, ఒకరు ఈనడానికి ఉన్న గేదె అనేవారు. వెళ్లగలిగినప్పుడు నేనే వెళ్లి చూసొచ్చాను. కుదరనప్పుడు అప్పలస్వామిని పంపాను. కబురు తెచ్చాక ఆ రోగులు నిద్రపోయేవారు.