నీలి తెర వచ్చే వేళలు

మొన్న మా చెల్లెలి కూతురు నాలుగు రోజులు ఉండి పోదామని మా ఇంటికి వచ్చి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటుండగా, తెర ఉన్నట్టుండి నీలంగా మారిపోయింది. వారంలో అది నాలుగోసారట. ఆ పిల్ల తన కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి చెప్పుకుంటుంటే, అవతలి మనిషి మొట్టమొదట అడిగిన మాట నాకు వంటింట్లోకి వినిపించింది: అంతకు ముందు మీరేం నొక్కారు మేడం, అని. ఆ పిల్లకేమీ అనిపించలేదు గానీ నాకు మాత్రం ఒళ్లు మండింది. పాతికేళ్లు దాటింది, ఉద్యోగం మానేసి కూడా చాలా ఏళ్లయింది, అయినా ఆ ప్రశ్న వింటే ఇప్పటికీ నాకు పాత కోపం కొత్తగా లేస్తుంది.

నల్లగొండ జిల్లా పడమటి అంచున, అటు నల్లగొండకూ ఇటు పాలమూరుకూ దూరమైన ఒక చిన్న టౌనులో నేను పెరిగాను. మా నాయిన పోచంపల్లి నుంచి మగ్గం మోసుకుని అక్కడికి వలస వచ్చిన నేత మనిషి. నాకు పదహారేళ్లు నిండగానే, ఎనభైల మొదట్లో, ఊరి చివర ఉన్న ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజింగ్ పనికి కుదిరాను. నా ఈడు వాళ్లకు ఆ పని గుర్తుండే ఉంటుంది. చెక్క అరల్లో సీసపు అక్షరాలు విడివిడిగా ఉంటాయి, వాటిని ఒక్కొక్కటే ఏరి వరస పేర్చి, దారంతో కట్టి మిషను మీదికి ఎక్కించాలి. వత్తులూ గుణింతాలూ వేర్వేరు అరల్లో ఉండేవి, కళ్లు మూసుకుని కూడా ఏ అరలో ఏదుందో నా వేళ్లకు తెలిసేది. చుట్టుపక్కల నలభై ఊళ్ల లగ్గం పత్రికలు పదిహేనేళ్ల పాటు నా చేతుల మీదుగానే పోయాయంటే అతిశయోక్తి కాదు. అందులో తప్పు పోయినవి రెండే రెండు, అందులో ఒకటి వాళ్లు రాసిచ్చిన కాగితంలోనే ఉన్న తప్పు. దానికి కూడా నన్నే అన్నారు, అది వేరే సంగతి, అయినా చెప్పుకోకుండా ఉండలేను.

తొంభైల చివరిలో, ఒక దసరాకు, మా యజమాని కంప్యూటర్ తెచ్చాడు. ప్రెస్సులో కంపోజింగ్‌కు అప్పటికి మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి దాని ముందు నన్నే కూర్చోబెట్టాడు. ఆ మాట ఆయన నోటి వెంట రాగానే ఆయన బామ్మర్ది, ప్రెస్సులో పనేమీ లేకపోయినా రోజూ వచ్చి కుర్చీలో కూర్చునే మనిషి, అందరి ముందూ అన్నాడు:

"సీసం అక్షరాలేరే చేతులకు కంప్యూటర్ ఏడ పడ్తది బావా! పట్నంల కోర్సు చేసిన పిలగాన్ని పట్కొస్త, చూస్కో."

ఆ మాట నేను మరిచిపోలేదు. మూడు వారాల్లో పని నేర్చుకున్నాను. కార్తీకం లగ్గాల పత్రికలన్నీ కంప్యూటర్ మీదనే చేశాను, ఒక్క రోజు కూడా ఇబ్బంది రాలేదు. బామ్మర్ది నోరు మూతపడింది, నా కడుపు నిండింది.

మాఘం వచ్చింది. లగ్గాల గిరాకీ మొదలైన వారంలోనే, ఒక పత్రికలో పెళ్లికొడుకు తాతల పేర్లు కొడుతుంటే తెర నీలంగా మారి, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలేవో పడి, చేసిన పనంతా పోయింది. మళ్లీ మొదలుపెట్టాను. మర్నాడూ అదే. రోజుకొకసారి, ఒక్కోసారి వెంటవెంటనే రెండు మూడు సార్లు. పట్నం నుంచి ఇంజినీరును పిలిపించారు. అతడు వచ్చిన ఆ వారం రోజులూ మిషను బంగారంలా నడిచింది! అతడు ఒక ముక్క మార్చాడు, పెట్టె విప్పి దుమ్ము ఊదాడు, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా యజమానితో, ఆమె ఏవో నొక్కరాని మీటలు నొక్కుతున్నట్టుంది, అని చెప్పి బస్సెక్కి పోయాడు. మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను నేను. అతడు పోయిన రెండో రోజే మళ్లీ నీలి తెర.

ఆ రోజు యజమాని నన్ను పిలిచి, గొంతు పెంచకుండానే చెప్పాడు.

"ఉగాది దాక చూస్త. గప్పటికి గూడ గిట్లనే ఉంటే, నువ్వు బైండింగ్‌ల కూసో. దీని మీదికి వేరేటోళ్లను చూస్కుంట."

బైండింగ్ అంటే కాగితాలు మడవడం, మైదా పిండి ఉడికించిన బంకతో అంటించడం. అది తక్కువ పని అని నేననడం లేదు, ఆ పని చేసి పిల్లల్ని పెంచిన తల్లులను నేను చూశాను. కానీ పదిహేనేళ్లు అక్షరంతో బతికిన మనిషిని, చేయని తప్పుకు బంక గిన్నె ముందు కూర్చోబెడితే ఎలా ఉంటుందో నాకే తెలుసు. దానికి తోడు బామ్మర్ది కుర్చీలోంచి లేవకుండానే ఉప్పు చల్లాడు.

"రోజూ బంద్ అయితాంది, బంద్ అయితాందని మొత్తుకుంటవు గని, ఎప్పుడయితాందో ఒక్కనాడన్న చెప్పినవా మేడం?"

సరే, చెబుతాను అనుకున్నాను. పాడైన ప్రూఫు కాగితాల వెనక తెల్లగా ఉంటుంది కదా, వాటిని ఒక దొంతరగా కుట్టుకుని ఆ రోజు నుంచీ రాయడం మొదలుపెట్టాను. ఏ తేదీ, గోడ గడియారంలో ఎన్ని గంటలు, అప్పుడు నేనేం కొడుతున్నాను, ఎన్నిసార్లు వచ్చింది. వాటితో పాటు, నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ రోజు ఎవరు నన్ను ఏమన్నారో కూడా రాసుకున్నాను. ఎప్పటికైనా లెక్క అడుగుదామనే ఉద్దేశంతోనే.

ఇలా ఆరు వారాలు రాశాక, ఫాల్గుణం చివర, మా ప్రెస్సుకు ఎదురుగా మోటారు వైండింగ్ దుకాణం నడిపే భాయి తన చిన్న చెల్లెలి పెళ్లి పత్రిక చేయించుకోవడానికి వచ్చాడు. కాలిపోయిన బావుల మోటార్లకు మళ్లీ రాగి తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని, వేళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఆయన నా పక్కన స్టూలు మీద కూర్చుని పేర్లు చెబుతుంటే, సరిగ్గా విందు జరిగే దావత్ జాగా దగ్గరికి వచ్చేసరికి తెర నీలమైంది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం తెర వంక చూడలేదు, నెత్తి మీద తిరిగే ఫ్యాను వంక చూశాడు.

"రోజు గిదే టైంకు అయితదా చెల్లె?"

నన్ను ఆ మాట మర్యాదగా అడిగిన మొదటి మనిషి ఆయనే. నా కాగితాల దొంతర తీసి మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను. ఫలానా రోజు ఉదయం పది గంటల అయిదు నిమిషాలు, పెళ్లికూతురి మేనమామ పేరు దగ్గర, యజమాని బామ్మర్ది ఇట్లా అన్నాడు, అని చదువుతుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"గాయన ఏమన్నడో నాకెందుకు చెల్లె, టైం చదువు, టైం."

వేళలు మాత్రమే చదివాను. ఒక వారమంతా ఉదయం పది దాటాక. తర్వాతి వారమంతా మధ్యాహ్నం రెండు దాటాక. మూడో వారం ఒక్కసారి కూడా లేదు. మళ్లీ పది, మళ్లీ రెండు, మళ్లీ ఏమీ లేదు, ఈ వారం మళ్లీ పది. రాసింది నేనే అయినా, తిట్ల మధ్య పడి ఆ వరస నా కంటికి ఆనలేదు. ఆయన నల్లటి వేళ్లు మడిచి లెక్క చూసుకుని నవ్వాడు.

"నీ మిషిన్‌కు ఏ బీమారి లేదు చెల్లె. గిది బాయిల కాడి మోటర్ల టైం. మోటర్లు గాల్తెనే కదా నాకు రొట్టె, ఏ వారం ఎప్పుడు కరెంటొస్తదో నాకు గాక ఎవరికెరుక?"

అప్పటి కరెంటు వంతులు మన వాళ్లందరికీ తెలిసినవే. ఇళ్లలో బల్బులు వెలిగే కరెంటు ఉన్నా, బావుల మోటార్లు నడిచే త్రీఫేజు కరెంటును కొన్ని గంటలే ఇచ్చేవారు, ఆ వంతు వారం వారం మారేది. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. రాత్రి పొలానికి పోలేక రైతులు మోటార్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకునేవారు. కరెంటు రాగానే చుట్టూ ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. మా ప్రెస్సు ఊరి చివర, ఆ పొలాల తీగ మీదనే ఉంది. ఆ క్షణాన మా కరెంటు సగానికి పడిపోయేది. పూర్తిగా పోతే ఆదుకునే బ్యాటరీ పెట్టె ఉంది గానీ, సగం పోతే దానికి తెలిసేది కాదు. కార్తీకంలో చెరువులు నిండి మోటార్ల పని లేదు, కాబట్టి తెర బాగుంది. మాఘంలో రెండో పంట యాసంగికి నాట్లు పడ్డాయి, తెర నీలమైంది. ఇంజినీరు వచ్చింది రాత్రి వంతు వారం!

మర్నాడు పదింటికి ముందే భాయి హోల్డరుకు బిగించిన ఒక పెద్ద బల్బు పట్టుకొచ్చి, కంప్యూటర్ పక్కనే వెలిగించి పెట్టాడు. యజమాని, బామ్మర్ది, కాలితో ట్రెడిల్ అచ్చుమిషను తొక్కే ముసలాయన అందరూ నిలబడ్డారు. పదయింది. ఏమీ కాలేదు. పది దాటి పది నిమిషాలైంది. బల్బు నిక్షేపంగా వెలుగుతోంది.

"ఏడుంది భాయ్ నీ సినిమా?" అన్నాడు బామ్మర్ది.

"కరెంటోళ్ల గడియారం నీ చేతికి లేదు పటేలా. జర ఆగు."

రెండు నెలలుగా ఏ నీలి తెరను శపించానో, అది రావాలని ఆ పూట మా ఇంటి దేవుళ్లందరికీ మొక్కాను. అంతలో బల్బు వెలుగు, నూనె అయిపోయిన దీపంలా, ఎర్రటి పురికోస అంత సన్నగా అయింది, ఫ్యాను నీరసంగా మూలిగింది, తెర నీలమైంది. నేను కీబోర్డు నుంచి రెండు చేతులూ ఎత్తి అందరికీ కనబడేలా గాలిలో పెట్టుకుని ఉన్నాను.

తర్వాత బామ్మర్ది, నేను ముందే అన్న గద కరెంటుదే అయ్యుంటదని, అన్నాడు. ఎప్పుడన్నాడో నా కాగితాల్లో ఎక్కడా లేదు. యజమాని మాత్రం క్షమించమనలేదు, ఆయన అలాంటి మనిషి కాదు, గొంతు సవరించుకుని ఇంతే అన్నాడు:

"రేపటి సంది వంతు కరెంటొచ్చే టైంకు మిషిన్ బంద్ జేసి, చాయ్ తాగి రా పో."

బంక గిన్నె మాట మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత పదమూడేళ్లు ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. నాకు ఇప్పుడు తోస్తుంది, ఆ మనిషికి తెలిసిన క్షమాపణ ఆ చాయే. ఆ ఇంజినీరును తప్ప మిగతా అందరినీ మన్నించాను. బామ్మర్దికి కూడా ఒక రకంగా ఋణపడ్డాను, ఆయన ఎత్తిపొడవకపోతే నేను రాసేదాన్ని కాదు. భాయి దుకాణానికి వెళ్లి దండం పెట్టబోతే ఆయన చుట్టే తీగ ఆపకుండానే, నేనేం జేసిన చెల్లె, రాసింది నువ్వాయె, అన్నాడు. ఆయన చెల్లెలి పెళ్లి పత్రిక నా చేతులతో చేసిన వాటన్నిటిలో అందమైనది. దావత్‌కు పిలిచి నన్ను తన ఇంటి ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టాడు. నాలుగేళ్ల కిందట ఆయన పోయాడని ఆలస్యంగా తెలిసింది, వెళ్లలేకపోయాను. ఆ తప్పు మాత్రం నాదే.

ఇప్పుడు కరెంటుకు వంతులు లేవు. ఎవరి ఇంట్లో మిషను వాళ్లది, దానికొచ్చే రోగం దానిదే, ఎక్కడో కనబడని మనిషి ఫోనులోనే బాగుచేస్తాడు. బాగవుతుంది కూడా, కాదనను. కానీ నాకు అప్పుడప్పుడు ఆ పది గంటల వేళ గుర్తొస్తుంది. నేను చాయ్ గ్లాసు పట్టుకుని ప్రెస్సు వాకిట్లో నిలబడితే, ఊరి బయట నుంచి మోటార్లన్నీ ఒక్కసారి గొంతెత్తేవి, ఎండకు నెర్రెలిచ్చిన కాలువల్లో నీళ్లు పరుగెత్తడం మొదలయ్యేది. నా బతుకు పోతుందని నేను వణికిన క్షణాలన్నీ, ఎవరో ఒకరి మడికి నీళ్లు అందిన క్షణాలేనని తెలిశాక, వాటి మీద పగ పెట్టుకోవడం నావల్ల కూడా కాలేదు.