జంటలన్నీ ఒకే దిక్కు

రెండేళ్ల కిందట జూన్‌లో, మొయినాబాద్ దగ్గరి ఒక పరిశోధన సంస్థలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. హోదాలో ఆ పదవి రీసెర్చ్ స్కాలర్‌కు కింద, వాటర్ కూలర్‌కు కొంచెం పైన. కూలర్ పాడైతే మాత్రం అదే రోజు మనిషి వచ్చేవాడు. ఇరవై ఏడేళ్లకే ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను కాబట్టి, ఎందుకో చెప్పే తీరిక ఉంది.

మా పని వినడానికి పెద్దది. గాలి తీసేసిన ఉక్కు గదిలో రాగి పలకను శుభ్రం చేసి, ఒక కర్బన పదార్థపు పొడిని వేడిచేసి దానిమీదికి ఆవిరిగా పంపేవాళ్లం. ఆ అణువులు వాటంతట అవే వరుసల్లో అమరేవి. మా సంస్థలో మెమో లేకుండా ఏదైనా సక్రమంగా జరిగేది అక్కడొక్కచోటే. ఆ వరుసలమీద అతి సన్నని సూదిని తాకీ తాకకుండా నడిపితే, మధ్య పారే కరెంటును బట్టి తెరమీద గీతగీతగా బొమ్మ తయారవుతుంది. సూదిని నడిపేది నేను.

ఒకరోజు బొమ్మలో అణువులు జంటలుగా కనిపించాయి. ల్యాబ్ పెద్ద అయిన మా సారు మురిసిపోయారు. "ఇంతవరకూ ఎవరూ చూడని అమరికమ్మా ఇది! ఆ సూదిని మాత్రం ముట్టుకోకు" అన్నారు. శుక్రవారం రివ్యూ కమిటీ మెచ్చుకోగానే నా ఉద్యోగం మరో ఏడాది పొడిగిస్తూ సంతకం చేస్తానన్నారు. నాకు ఆ సంతకం కావాలి. లేకపోతే చేవెళ్లలో నాన్న బట్టల దుకాణం నాకోసం కాచుకుని ఉంది.

చిక్కేమిటంటే, రాగి పలకమీద అణువుల గుంపులు మూడు దిక్కులకు తిరిగి ఉంటాయి. గుంపు తిరిగితే జంట కూడా తిరగాలి. మా జంటలన్నీ ఒకే దిక్కు చూస్తున్నాయి. సూదికి రెండు మొనలు ఏర్పడితే అలాగే అవుతుంది, ఒక్కో అణువూ రెండుసార్లు పడుతుంది. కళ్లజోడు తీస్తే మా నాన్నకు పరిగి వెళ్లే ఒక్క బస్సు రెండుగా కనిపిస్తుంది. ఆయన రెండింటికీ చెయ్యెత్తుతారు గానీ, దానిమీద పరిశోధన పత్రం రాయరు.

సీనియర్ స్కాలర్ శ్రీకాంతన్నకు చెప్పాను.

"జంటలన్నీ ఒక్క దిక్కే చూస్తున్నయన్నా."

"క్రమశిక్షణ ఉన్న పిల్లలు. నీకేం కష్టమొచ్చింది?"

"నాకు సూది మీదనే అనుమానం."

"శుక్రవారం దాంక జర నోరు మూస్కో చెల్లె. సంతకం పడ్డంక ఎంతన్న అనుమానపడు."

నోరు మూసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

శుక్రవారం కమిటీ నా వెనక నిలబడింది. తెరమీద బొమ్మ సగం పడింది. కమిటీలోని ఒక మేడమ్, సారే రాసి గోడకు అంటించిన నియమం చదివారు: చూపించే ముందు సూదికి ఒక్క క్షణం ఎక్కువ వోల్టేజ్ ఇచ్చి మొనను సరిచేయాలి.

"ఇది చేశారా?" అని అడిగారు.

"చేసే ఉంటుందండీ" అన్నారు సారు, నా వైపు చూడకుండా.

చేయలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ వోల్టేజ్ ఇచ్చే బటన్ నొక్కడానికి నోరు అక్కర్లేదు. నొక్కాను. ఒకే బొమ్మ, పై సగంలో జంటలు, కింది సగంలో విడివిడి అణువులు.

"చూశారా! వోల్టేజ్ తగలగానే విడిపోతున్నాయి!" అన్నారు సారు, ఏమాత్రం తడబడకుండా. కమిటీలో ఇద్దరు తలలూపారు. "మళ్లీ కలుపమ్మా."

"అవి కలిసే లేవు సార్" అన్నాను. "సూదికి రెండు మొనలుండె. ఇప్పుడు ఒక్కటే ఉన్నది."

నలుగురి ముందు నేను నోరు తెరవడం అదే మొదటిసారి. ఆ తర్వాత సంతకానికి సారుకు తీరిక దొరకలేదు. శ్రీకాంతన్న బస్టాపు దాకా వచ్చి, "బటన్ నొక్కితివి, సరే. నోరెందుకు తెరిస్తివి చెల్లె?" అన్నాడు.

ఇప్పుడు దుకాణంలో కూర్చుంటున్నాను. చీరలు వాటంతట అవి సర్దుకోవు. ఆ ఉద్యోగం నేర్పింది ఇంతే: బొమ్మ మరీ బాగా వస్తే ముందు సూదిని అనుమానించాలి, తర్వాత దాన్ని ముట్టుకోవద్దన్న మనిషిని.