చీటీ మీద నంబరే

రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో రెండు వేళ్లతో వెతుకుతోంది దోమక్క. నరం చేతికి తగిలినట్టే తగిలి జారిపోతోంది. కంటికంటే వేలి కొసనే నమ్మాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ముప్పై ఏళ్లలో వేళ్లే నేర్చుకున్నాయి.

ఆ పేరు పెట్టింది ఇప్పుడు మంచం మీద ఉన్న తమ్ముడే. ఆస్పత్రిలో రక్తం తీసే ఉద్యోగం వచ్చిన రోజు, "ఇంట్లో ఉన్న దోమలు చాలవని అక్క కూడా మొదలెట్టింది" అన్నాడు. ఆ పేరు ఆస్పత్రి దాకా పాకింది. పెట్టినవాడికే ఇప్పుడది గుర్తు లేదు. నాలుగేళ్లుగా వాడి మెదడు కొంచెం కొంచెంగా ఎండిపోతోంది. మొదట దారులు మరిచాడు, తర్వాత మనుషుల్ని. ఇప్పుడు మింగడం కూడా రావడం లేదు. ఇంకో వారం కష్టమని డాక్టరు నిన్న చెప్పాడు.

వాడు ఒక పరిశోధనలో ఉన్నాడు. బతికున్న మనిషి మెదడు ముక్క కోసి చూడలేరు గాని, రక్తం తీయొచ్చు. రక్తంలో ఏ జన్యువులు పని చేస్తున్నాయో, ఏవి మానేశాయో చూసి మెదడులో సంగతి చెప్పగలమా అన్నది వాళ్ల ప్రశ్న. తలుపేసిన ఇంట్లో ఏం వండుతున్నారో వీధిలో నిలబడి వాసన పట్టినట్టని దోమక్క మరదలికి చెప్పింది. ఆ వాసన నిజమో కాదో తేలాలంటే ఎప్పుడో ఒకసారి తలుపు తీయాలి. అందుకే పోయాక మెదడు ఇస్తానని తమ్ముడు తెలివున్నప్పుడే సంతకం పెట్టాడు. "తీసుకోండి, ఎలాగూ పెద్దగా వాడింది లేదు" అన్నాడు. దాని పక్కన పెట్టి పోల్చడానికి చివరి రోజుల రక్తం కావాలి. అది లేకపోతే వాడిచ్చే మెదడుకి జత ఉండదు.

నరం దొరికింది. మామూలు ట్యూబు ముందు, జన్యువుల ట్యూబు ఆఖర్న. నిండాక దాన్ని కుదపకూడదు, మెల్లిగా పదిసార్లు తలకిందులు చేయాలి. ఆ పదీ వాడే లెక్కపెట్టేవాడు, మధ్యలో అంకెలు దాటేసి అక్కని ఆటపట్టించడానికి. మనుషుల పేర్లు పోయాక కూడా ఆ ఆట మానలేదు. ఇవాళ కళ్లే తెరవలేదు. దోమక్క తనే గొణుక్కుంటూ లెక్కపెట్టి, చీటీ రాసి అంటించింది.

స్టాండులో పెట్టబోతూ ఆగిపోయింది. నంబరు ఉండాల్సిన చోట, తమ్ముణ్ణి ఇంట్లో పిలిచే 'చిన్నోడు' అని ఉంది.

"పైన ఇంకోటి అంటించెయ్ వదినా. రక్తం ఆయనదేగా" అంది మరదలు.

"చీటీ మీద చీటీ ఉంటే తీసుకోరమ్మాయ్. ఆ రూల్సు కాగితం ల్యాబు గోడకి అంటించింది నేనే."

"మళ్లీ పొడుస్తావా? ఒంట్లో రక్తమేదీ?"

"పోయిన నెల కొత్త నర్సు ఒక అంకె తప్పు రాస్తే, ఒక పెద్దావిడకి మళ్లీ తీయించాను. ఆవిడా ఏడ్చింది."

"ఆవిడ నీ తోబుట్టువు కాదు."

దోమక్క ట్యూబుని ఎర్ర డబ్బాలో పడేసి చేతొడుగులు మార్చుకుంది.

ఎడమ చేతిలో నరం చిట్లింది. చర్మం కింద నల్లగా ఉబ్బింది. మరదలు మొహం తిప్పుకుంది. రెండు చేతులూ అయ్యాయి, ఇక మిగిలింది పాదం. డాక్టరుకి ఫోన్ చేసి అడిగి, వేడి గుడ్డ చుట్టి కాసేపు ఆగింది.

"మోకాలు పట్టుకో. నొక్కకు."

సూది దిగగానే తమ్ముడు మూలిగాడు. కాలు లాక్కోబోయాడు. మరదలు పట్టు వదల్లేదు. ట్యూబులోకి రక్తం చుక్కచుక్కగా, నీళ్లు సరిగ్గా రాని కొళాయిలోంచి వచ్చినట్టు వచ్చింది. గీత దాకా నిండటానికి చాలాసేపు పట్టింది.

దోమక్క ట్యూబు తిప్పుతూ పైకే లెక్కపెట్టింది. నాలుగు అనగానే మంచం మీద నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఏడు."

మరదలు తలెత్తింది. దోమక్క చెయ్యి ఆగలేదు. అయిదు అంది. పది దాకా తిప్పి, నంబరు ఒక్కో అంకె చదువుతూ రాసింది. ఆ అంకెల్ని మరదలి చేత ఇంకోసారి చదివించింది.

ఆస్పత్రి ల్యాబు కిటికీ దగ్గర ఫ్రీజర్లు చూసుకునే మనిషి ట్యూబు అందుకుని చీటీ చూశాడు. నంబర్లే తప్ప ఆ మనుషులెవరో అతనికి తెలీదు.

"చేతి నుంచేనా?"

"పాదం నుంచి. అది కూడా రాశాను. రెండు గంటలు బయటే ఉంచండి, ఆ తర్వాతే ఫ్రీజర్."

"తెలుసులే దోమక్కా. ఈ నంబరుది మళ్లీ ఎప్పుడు?"

"ఇదే ఆఖరుది."

అతను టైము వేసి సంతకం పెట్టి, ట్యూబుని నిటారుగా స్టాండులో నిలబెట్టాడు.