నడుమకు చేరిన కణాలు

జగదల్‌పూర్‌లోని వైరస్ ల్యాబ్‌లో సోమి మొదట సీసాలు కడిగేది. సొంతూరు ఎర్రబోరులో ఎనిమిదో తరగతితోనే బడి మానేసిన పిల్ల. నోరు పెగలదు గానీ కళ్లు మాత్రం ఊరుకోవు. అది కనిపెట్టిన స్టెల్లా మేడమ్ రెండు నెలల కిందట ఆమె చేతికి కణాల పళ్లెం ఇచ్చింది. మేడమ్ కిరందుల్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగు మనిషి.

గులాబీ రంగు ద్రవంలో ఉన్న కోతి కణాలను ఆరు గుంటల ప్లాస్టిక్ పళ్లెంలో పోయాలి. తెల్లారేసరికి అవి గుంట అడుగున చాపలా పరుచుకోవాలి. అప్పుడు మేడమ్ వాటిపై ఎల్లో ఫీవర్ వైరస్ వేస్తుంది, టీకాలో వాడే నీరసపు రకం. అది పెరిగినచోటల్లా చాపకు చిల్లులు పడతాయి. చిల్లులు లెక్కపెడితే వైరస్ ఎంత ఉందో తెలుస్తుంది.

మూడుసార్లు పోసినా చాప పడలేదు. కణాలన్నీ నడుమ కుప్పపడి, అంచులు బోసిగా మిగిలాయి.

"ఈ కణాలకేదో రోగమొచ్చిందే సోమీ," అంది స్టెల్లా. "ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడూ ఇంతేనంటే ఈ పని రాయ్‌పూర్ ల్యాబ్‌కు పంపించేస్తా."

పంపించేస్తే సోమికి మళ్లీ సీసాలే.

శనివారం బస్సెక్కి ఇంటికెళ్లింది. మర్నాడు అమ్మ మాసే, దంచిన బియ్యం చాటలో పోసి ఇచ్చింది. సోమి చాటను గుండ్రంగా నాలుగు చుట్లు తిప్పింది. దంపుడు పడని వడ్లన్నీ నడుమకు చేరాయి. తీయబోయిన చేయి అక్కడే ఆగిపోయింది. సమంగా కలపమని మేడమ్ చెబితే, పళ్లేన్నీ ఇట్లాగే కదా తిప్పింది!

"ఏందే, వడ్లల్ల పామేమన్న కనబడ్డదా?" అంది మాసే.

"పాము గాదమ్మా. నా చెయ్యే."

సోమవారం స్టెల్లా గ్లోవ్స్ తొడుక్కుంటుంటే, సోమి గోడవైపు చూస్తూ చెప్పింది. "మేడమ్, కణాలకు రోగం లేదు. నేనే చాట తిప్పినట్టు తిప్పిన."

స్టెల్లాకు అర్థం కాలేదు. సోమి ఆమెను టీ గదికి తీసుకెళ్లి, సాసర్‌లో నీళ్లు పోసి, చిటికెడు టీ పొడి వేసి గుండ్రంగా తిప్పింది. పొడి అంతా నడుమకు చేరింది.

"అమ్మ నీ! రెండు నెలల నుంచీ నా కణాల్లో వడ్లు ఏరుతున్నావా!" స్టెల్లా పగలబడి నవ్వింది. "మరిప్పుడెలా కలుపుతావు?"

"ముందుకూ ఎనక్కూ, ఇటూ అటూ. గుండ్రంగ మాత్రం తిప్పనే తిప్ప."

అలా కలిపి పోసిన మర్నాటికి చాప అంచుదాకా పరుచుకుంది. వైరస్ వేసిన అయిదో రోజు స్టెల్లా ఊదా రంగు పోసి కడిగింది. ఊదా మీద చిల్లులన్నీ తెల్లటి చుక్కలై తేలాయి, చిరుజల్లు పడ్డ దుమ్ములాగా.

సోమి రెండుసార్లు లెక్కపెట్టింది. "ముప్పై ఏడు, మేడమ్."

"నాకూ అంతే వచ్చాయి. సీసాలకు వేరే మనిషిని చూస్తాలే. వచ్చే వారమూ కణాలు నువ్వే పోయాలి. చాట మాత్రం మీ అమ్మ దగ్గరే వదిలిరా."

సోమి ఈసారి గోడవైపు చూడలేదు. నవ్వేసింది.